నాలుగో గింజ

ఆరేళ్ళుగా హైమవతి ఒక్క ఆదివారం కూడా ఇంటిపట్టున గడపలేదు. ఆమె ఒక్కరోజు పనికి రాకపోతే, ఎక్కడో ఒకరి జీవితంలో ఒక నెల ఎవరూ చూడకుండానే గడిచిపోయేది.

కాకినాడలో, సముద్రం హోరు వినిపించేంత దూరంలో, మూడంతస్తుల పరిశోధనశాల ఒకటుంది. అందులో రెండో అంతస్తు ఆమెది. పొడవాటి గదిలో గోడవారగా ఉక్కు పెట్టెలు, ఒక్కొక్కటి టిఫిన్ క్యారేజీ అంత. పైన అద్దం మూత. లోపల గులాబీరంగు ద్రవంలో బఠానీ గింజంత మూత్రాశయం. రోగి ఒంట్లోంచి సూదితో తీసిన కణితి కణాలకు, ఆ రోగి మూత్రాశయపు పొర కణాలు జోడించి పెంచిన బుడగ అది. ఆ పెట్టెలో కణాలు ముప్ఫై రెట్ల వేగంతో బతుకుతాయి. బయట ఒక పగలూ ఒక రాత్రీ గడిస్తే లోపల ఒక నెల. ఇవాళ గింజకు ఏమవుతుందో వచ్చే నెల మనిషికీ అదే అవుతుంది. అందుకని మందు ముందు గింజకు పోసి చూస్తారు. గింజ బాగుపడితే మనిషికి ఇస్తారు. చితికిపోతే ఇంకో మందు వెతుకుతారు.

ఈ పద్ధతి కనిపెట్టింది హైమవతే. మామూలు మూత్రాశయ క్యాన్సర్‌కైతే వేలమంది మీద పరీక్షించిన మందులున్నాయి. అరుదైన వాటికి అంతమంది ఎక్కడ దొరుకుతారు? దేశం మొత్తం గాలిస్తే నలుగురో ఐదుగురో. ఆ ఒక్క మనిషి మీద ప్రయోగం చెయ్యకూడదని, ఆ మనిషి గింజ మీద చేసే దారి ఆమె వెతికింది. దారి దొరికింది గానీ, దాని మీద నడవడానికి ఆమెకు తోడు మాత్రం దొరకలేదు. ఎవరు ఎన్ని నెలల్లో పోతారో ఆమెకు వాళ్ళకంటే ముందే తెలిసిపోయేది. రోగులు వచ్చి ఎదురుగా కూర్చుంటే మొహంలోకి చూడటం మానేసింది. చెల్లెలి పెళ్ళికి ముహూర్తం వేళకు వెళ్ళి, భోజనాలు కాకుండానే బస్సెక్కింది. భర్త శ్రీకర్ గొడవేమీ పడలేదు. పూణేలో ఉద్యోగం వచ్చిందన్నాడు, నువ్వెలాగూ రాలేవుగా అన్నాడు. రాలేనంది. ఆ తర్వాత ఫోన్లు వారానికొకటయ్యాయి, తర్వాత పండగలకే అయ్యాయి.

పేరంటాలు ఆమె దగ్గరికి వచ్చింది అలాంటి రోజుల్లోనే.

పేరంటాలుకు యాభై ఒకటి. హార్బరుకు వెళ్ళే రోడ్డు మీద ఒక లారీ కాటాలో పనిచేస్తుంది. లారీ వచ్చి ఇనప పలక మీద నిలబడితే, అద్దాల గదిలో కూర్చుని బరువు చూసి చీటీ ఇవ్వడం ఆమె పని. ఆమె మొగుడు లారీ డ్రైవరు, ఇరవయ్యేళ్ళ కిందట ఒడిశా ఘాట్ రోడ్డులో పోయాడు. పిల్లల్లేరు. కాటా దగ్గర ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు కాబట్టి పొద్దున్నించి సాయంత్రం దాకా మంచినీళ్ళు తక్కువ తాగడం, వచ్చినా బిగబట్టుకోవడం ఆమెకు అలవాటు. ఒకరోజు మూత్రంలో రక్తం కనిపించింది. ముట్లుడిగి రెండేళ్ళయింది, మళ్ళీ మొదలైందేమో అనుకుంది. వీధి చివరి డాక్టరు మంటకు మాత్రలిచ్చాడు. మూడుసార్లు ఇచ్చాడు. ఆ తర్వాత రక్తంతోపాటు సగ్గుబియ్యం జావలాంటి జిగురు పడటం మొదలైంది. అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళింది. అప్పటికి పన్నెండు నెలలు గడిచాయి.

తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ బొడ్డు నుంచి మూత్రాశయానికి సన్నటి గొట్టం ఒకటుంటుంది. పుట్టేనాటికి దాని పని అయిపోయి, ఎండి, తాడులా మిగిలిపోతుంది. లక్షలమందిలో ఒకరికి, నలభై యాభై ఏళ్ళు గడిచాక, ఆ తాడులో క్యాన్సర్ పుడుతుంది. పేరంటాలుకు వచ్చింది అదే. పెద్దాసుపత్రిలో మూత్రాశయపు పైభాగం, ఆ తాడు, దాంతోపాటు బొడ్డు కూడా తీసేశారు. ఆలస్యం కావడం వల్ల ఒక మూత్రపిండం అప్పటికే పాడైంది, రెండోది సగమే పనిచేస్తోంది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకి, పెసరగింజలంత మచ్చలుగా నిలిచింది. అక్కడినుంచి సూదితో తీసిన కాస్తంత ముక్కతో హైమవతి పెంచగలిగినవి నాలుగే గింజలు. మళ్ళీ సూది గుచ్చితే ఊపిరితిత్తి తట్టుకోదని డాక్టర్లు చెప్పేశారు.

మొదటి గింజకు మందేమీ పొయ్యలేదు. జబ్బు దాని దారిన అది ఎలా నడుస్తుందో తెలియడానికి ఒకదాన్ని అలా వదిలెయ్యాలి. అది తొమ్మిదో రోజున చితికిపోయింది. రెండోదానికి ఒక మందు, మూడోదానికి ఇంకో మందు పోశారు. ఒకటి ఎనిమిదో రోజున, ఒకటి పదో రోజున పోయాయి.

పరిశోధనశాల నియమం ప్రకారం, రోగి అడిగితేనే ఆ లెక్క చెప్పాలి. పేరంటాలు అడగలేదు. ఆమె వచ్చినప్పుడల్లా అడిగేది వేరే ప్రశ్న.

"నాలాంటి జబ్బున్నవాళ్ళు ఇంకెవరైనా వచ్చారాండీ?"

రాలేదని హైమవతి చెప్పేది. పేరంటాలు తలూపేది. ఎందుకు అడుగుతున్నారని ఒకసారి హైమవతి అడిగితే, పెద్ద కారణమేమీ లేదంది. కొన్ని సంగతులు అడగాలట. బొడ్డు తీసేసిన చోట సాయంత్రమయ్యేసరికి చల్లగా గాలి తగిలినట్టుంటుందట, వాళ్ళకూ అలాగే ఉంటుందా అని. దగ్గినప్పుడు మూత్రం ఆగకపోతే ఏం చేస్తున్నారు అని. కాటాలో తోటివాళ్ళతో ఇవి చెప్పుకోలేదు. చెప్పుకున్నా, ఆ జబ్బు పేరే వాళ్ళకు నోరు తిరగదు. షుగరో, గుండెజబ్బో అయితే వీధిలో పదిమంది ఉంటారు, ఏ మాత్ర మంచిదో చెప్పుకుంటారు. తనకు వచ్చిన దానికి తాను ఒక్కతే.

ఆ మాట విన్నాక హైమవతి ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, చాలాసేపు అన్నం పెట్టుకోకుండా కూర్చుండిపోయింది. లోకంలో తాను ఒక్కతే చేసే పని చేస్తున్నందుకు ఇన్నాళ్ళూ లోపల ఎక్కడో గర్వంగా ఉండేది. ఒక్కతే అనే మాట ఎంత బరువో పేరంటాలు నోటివెంట వింటే గానీ తెలియలేదు.

శ్రావణమాసం మొదట్లో ఆదిలాబాదు వైపు నుంచి ఒక ఫైలు వచ్చింది. మడావి జంగు, ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఉట్నూరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. అదే తాడు, అదే క్యాన్సర్, అవే ఊపిరితిత్తుల మచ్చలు. కణాల పటాలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో హైమవతే పోల్చుకోలేకపోయింది. ఒకరి గింజ చెప్పేది ఇద్దరికీ చెల్లేంత పోలిక. అయితే అతని ముక్కను తెస్తున్న బండి వరదలో వాగు అవతల ఒకటిన్నర రోజు నిలిచిపోయింది. కాకినాడ చేరేసరికి కణాలన్నీ చచ్చిపోయాయి. అతని మచ్చలు పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉన్నాయి, రెండోసారి సూది పెట్టే వీల్లేదు.

పేరంటాలు నాలుగో గింజ మిగతావాటికంటే ఆలస్యంగా పెరిగి, అప్పటికి రెండు రోజులుగా చల్లటి పెట్టెలో నిద్రలో ఉంది. పన్నెండు రోజులకు మించి అలా ఉంచితే అదీ పోతుంది. దానికి పొయ్యడానికి రెండు మందులు మిగిలి ఉన్నాయి. ఒకటి మెత్తటిది, మాత్ర. పేరంటాలుకు పనిచేస్తే చెయ్యచ్చు, ఆశ తక్కువ. రెండోది రెండు మందుల జోడు, చాలా ఉధృతమైనది. పనిచేసేట్టే ఉంది గానీ, సగం మూత్రపిండంతో బతుకుతున్న పేరంటాలు దాన్ని తట్టుకోలేదు. జంగు తట్టుకోగలడు. కాకపోతే పరీక్షించకుండా దాన్ని మనిషికి ఎక్కిస్తే, అది పనిచెయ్యకపోగా మనిషినే తీసుకుపోవచ్చు. ఏ డాక్టరూ అందుకు సంతకం పెట్టడు.

గింజ పేరంటాలుది. ఇంకొకరి కోసం ఇమ్మని ఆమెను అడగకూడదని నియమం. ఆ నియమం రాసింది కూడా హైమవతే. అడగడమంటే ఒత్తిడి పెట్టడమేనని, రోగి కాదనలేని స్థితిలో ఉంటుందని అప్పట్లో ఆమె గట్టిగా వాదించింది. ఇప్పుడు డైరెక్టరు కూడా అదే గుర్తుచేశాడు. మనం మెత్తటి మందే పోద్దామన్నాడు. సరేనంది.

మర్నాడు పేరంటాలు రక్తపరీక్షకు వచ్చింది. చెయ్యి చాపి కూర్చుని, ఎప్పటిలాగే అడిగింది.

"ఎవరైనా వచ్చారాండీ?"

హైమవతి సూది మీది చూపు మరల్చలేదు. లేదు అనడానికి ఒక్క మాట చాలు. వచ్చిన ప్రతిసారీ అంటున్నదే. కానీ ఇన్నాళ్ళూ అది నిజం. ఈసారి అబద్ధం అవుతుంది.

"ఒకరున్నారు" అంది.

పేరంటాలు చెయ్యి వెనక్కి తీసుకోవడం మర్చిపోయి అలాగే కూర్చుంది. కళ్ళు నిండాయి. వాళ్ళతో మాట్లాడొచ్చా అని అడిగింది.

జంగును అడిగితే అతనూ ఒప్పుకున్నాడు. హైమవతి తన గదిలోంచే ఫోను కలిపి, పేరంటాలు చేతికిచ్చి, పెట్టెల వైపు వెళ్ళింది. అద్దం తలుపు అవతలనుంచి మాటలు తెగి తెగి వినిపిస్తున్నాయి. జంగు గొంతు స్పీకర్లో పెద్దగానే ఉంది.

"అక్కా, బొడ్డు లేకుంటే లుంగీ యాడ కట్టుకోవాల్నో సమజైతలేదు. జారిపోతాంది."

పేరంటాలు నవ్వింది. ఆమె నవ్వడం హైమవతి వినడం అదే మొదలు. చీర కుచ్చిళ్ళకూ అదే గొడవని, తాను ఒక వేలెడు పైకి కడుతున్నానని చెప్పింది. సాయంత్రం చల్లగా ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాడు. పిల్లలతో కబడ్డీ ఆడించేటప్పుడు మరిచిపోతాడట, ఇంటికొచ్చి కూర్చుంటే మొదలవుతుందట. గంటసేపు మాట్లాడుకున్నారు. చివర్లో జంగు తన ముక్క వాగు దగ్గర పాడైపోయిన సంగతి చెప్పాడు. దాచాలనీ అనుకోలేదు, అడగాలనీ అనుకోలేదు. ఏదో వరద కబురులా చెప్పాడు.

ఫోను పెట్టేశాక పేరంటాలు పెట్టెల గదిలోకి వచ్చి నిలబడింది. లారీ బరువుకూ చీటీకీ తేడా వస్తే ఇట్టే పట్టుకునే మనిషి. రెండు మాటలు కలుపుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"నా నాలుగో గింజ ఆయనకు పనికొస్తుందా?"

హైమవతి పక్కనున్న పెట్టె మూత తుడవడం మొదలుపెట్టింది.

"చెప్పకూడదా?"

"నేను మిమ్మల్ని అడగకూడదు. మీరు అడిగితే చెప్పాలి."

అంతా చెప్పింది. మెత్తటి మందు, ఉధృతమైన మందు, పన్నెండు రోజుల్లో మిగిలిన తొమ్మిది. పేరంటాలు మొహం బిగుసుకుపోయింది. "ఇలాంటిది నా నెత్తిన పెట్టారేంటండీ?" అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఆమె దగ్గర్నించి కబురు లేదు. మూడో రోజు మధ్యాహ్నం హైమవతి పెట్టెలను సహాయకురాలికి అప్పగించి, ఆటో ఎక్కి హార్బరు రోడ్డుకు వెళ్ళింది. పనివేళలో ఒక రోగి కోసం ఆ గది వదిలి బయటికి రావడం ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఎండ కళ్ళల్లో గుచ్చుకుంది. కాటా పలక మీద గ్రానైటు లారీ నిలబడి ఉంది. అద్దాల గదిలో పేరంటాలు చీటీ రాసిచ్చి, లోపలికి రమ్మని తల ఊపింది. ఒక్క కుర్చీయే ఉంటే అది హైమవతికి ఇచ్చి, తాను బల్ల అంచుకు ఆనుకుంది.

ముందు తనకు చాలా కోపం వచ్చిందని చెప్పింది. కోపం హైమవతి మీద కాదట, ఆ కుర్రాడి మీద. ఒక్క మనిషి దొరికాడనుకుంటే ఆ మనిషికీ తనకీ మధ్య ఈ గింజ అడ్డొచ్చింది. మొదటిరోజు ఇవ్వనని ఖాయం చేసుకుంది. అది తనది, తన ఒంట్లోది. రెండోరోజు రాత్రి అన్నం తింటూ ఇంకో సంగతి తట్టింది.

"ఆ మెత్తటి మాత్ర గింజకు పొయ్యకుండా నాకివ్వకూడదా?"

ఇవ్వొచ్చని హైమవతి అంది. దానితో ప్రాణభయం లేదు. కాకపోతే పనిచేస్తుందో లేదో ముందుగా తెలియదు. ఎన్నాళ్ళో కూడా చెప్పలేం.

"తెలియకుండానే మింగుతాను. లోకంలో అందరూ అలాగేగా మింగుతున్నారు" అంది పేరంటాలు. "ఆయనకు ఆ వీలు లేదు. గింజ ఆయన కోసం వాడండి."

ఇంకో లారీ వచ్చి హారన్ కొట్టింది. ఆమె కిటికీ వైపు తిరిగి బరువు చూసుకుంది.

ఆ సాయంత్రమే కాగితాల మీద సంతకాలయ్యాయి. నాలుగో గింజను చలిలోంచి తీసి, వేగం పెట్టెలో ఉంచి, ఉధృతమైన మందు పోశారు. రెండోరోజుకు గింజ నల్లబడింది. హైమవతి ఆ రాత్రి పెట్టె పక్కనే ఉండిపోయింది. నాలుగోరోజున నలుపు పైపొర ఊడి, కింద లేతరంగు కనబడింది. ఆరోరోజుకు కణితి గుర్తులు పల్చబడ్డాయి. పదకొండోరోజున ఎంత వెతికినా ఒక్క చెడ్డ కణం కనిపించలేదు. ఆ వారమే ఆదిలాబాదు ఆసుపత్రిలో జంగుకు మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

జబ్బు తిరగబెడుతుందేమో కనిపెట్టడానికి గింజను ఆపకుండా నడిపించారు. రోజుకొక నెల చొప్పున అది జంగు ముందు నడుస్తూ పోయింది.

పేరంటాలు పూటకొక మాత్ర వేసుకుంటూ కాటాకు వెళ్ళేది. ఆమె సంగతి మాత్రం ఏ పెట్టెలోనూ లేదు. మందు లేని గింజ చెప్పిన తొమ్మిది నెలలు ఈ మాత్రతో పదవుతాయో, ఇరవై అవుతాయో, అలాగే ఉంటాయో చెప్పేవాళ్ళు లేరు. ఒక రోగి ఎదురుగా కూర్చుంటే ఆ మనిషి చివరి రోజు తెలియకపోవడం హైమవతికి ఎన్నో ఏళ్ళ తర్వాత అదే మొదలు. తెలియదు కాబట్టి మొహంలోకి చూడగలిగింది. చూశాక తెలిసింది, పేరంటాలు ఎడమ కనుబొమ మీద చిన్న గాటు ఉందని, మాట్లాడేముందు ఒకసారి గాలి పీల్చుకుంటుందని. ఆదివారాలు కాటాకు సెలవు. ఆ రోజు పేరంటాలు ఉప్మానో, పెసరట్టో డబ్బాలో పెట్టుకుని పరిశోధనశాలకు వచ్చేది. ఇద్దరూ పెట్టెల మధ్య బల్ల మీద కూర్చుని తినేవాళ్ళు. పెద్దగా మాట్లాడుకునేది కూడా ఉండేది కాదు. ఒక్కోసారి పేరంటాలు లేచి తన గింజ ఉన్న పెట్టె మీదికి వంగి చూసేది. "దీనికిప్పుడు ఎన్నేళ్ళండీ?" అనేది. ఆమె వయసుకు పెట్టెలో గడిచిన ఏళ్ళు కలిపి, అరవై అనో, అరవై ఏడు అనో హైమవతి చెప్పేది. "పెద్దావిడైపోయింది" అనుకునేది పేరంటాలు.

జంగుతో ఫోను వారానికి రెండుసార్లు. అతని జుట్టు ఊడింది, మళ్ళీ మొలిచింది. మచ్చలు పోయాయని చెప్పినరోజు పేరంటాలు ఎంతో సంతోషపడింది. ఆ తర్వాత ఫోన్లలో ఆమె ఎక్కువ వినేది, తక్కువ మాట్లాడేది. అతను ఇప్పుడు పిల్లలతో పరిగెడుతున్నాడు. ఆమెకు కాటా మెట్లు ఎక్కాలంటే ఆయాసం. ఇద్దరిదీ ఒకటే జబ్బు అనడానికి ఇక మిగిలింది పాత కబుర్లే. ఆ సంగతి ఆమె అతనికి చెప్పలేదు, హైమవతికి చెప్పింది. అది కూడా ఒక్కసారే. "మళ్ళీ ఒక్కదాన్నయిపోయానండీ. అయినా ఫర్వాలేదు, ఆయనకు మంచే కదా జరిగింది" అంది.

మాత్ర మొదలుపెట్టాక పేరంటాలు పద్నాలుగు నెలలు బతికింది. చివరి పదిరోజులు ఆసుపత్రిలో ఉంది. హైమవతి రోజూ మధ్యాహ్నం వెళ్ళి కూర్చుని వచ్చేది. ఒక బుధవారం వెళ్ళేసరికి మంచం ఖాళీగా, దుప్పటి మార్చి ఉంది. తిరిగి వచ్చి పెట్టె మూతలోంచి చూసింది. గింజ లేతగులాబీ రంగులో, చిన్నగా ముడుచుకుని విచ్చుకుంటూ ఆరోగ్యంగా ఉంది. దాని వయసు ఎనభై ఆరు.

మనిషి పోయాక ఆ మనిషి కణాలను ఏడు రోజులకు మించి బతికించకూడదు. ఆపేటప్పుడు తరఫు మనిషి ఒకరు ఎదురుగా ఉండాలి. అలాంటి మనిషి పేరు పేరంటాలు ఆసుపత్రిలోనే రాసిచ్చిందని కాగితాలు చూస్తే తెలిసింది. ఆరోరోజు పొద్దున జంగు రైలు దిగి వచ్చాడు. పొడుగ్గా, నల్లగా, చేతిలో చిన్న సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు.  పేరంటాలును అతను ఎప్పుడూ చూడలేదు. ఫోటో ఉందా అని అడిగాడు. హైమవతి దగ్గర లేదు. ఆసుపత్రి కార్డు మీద ఉన్న అంగుళమంత బొమ్మ చూపిస్తే, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో చాలాసేపు చూశాడు.

తర్వాత పెట్టె దగ్గరికి వచ్చి వంగాడు.

"దీనికి నొప్పి తెలుస్తదా మేడం?"

తెలియదని హైమవతి చెప్పింది. నరాలు లేవంది. అతను తలూపాడు గానీ, నమ్మినట్టు కనిపించలేదు.

ఆపేముందు పూరించాల్సిన కాగితం ఒకటుంది. పేరు రాశాడు, ఊరు రాశాడు. మూడో గడి దగ్గర కలం ఆగింది. చనిపోయినవారితో సంబంధం అని ఉంది అందులో. కొడుకా, తమ్ముడా, ఏం రాయమంటారని అడిగాడు. నిజమేదైతే అది రాయమంది హైమవతి. ఇంకాసేపు ఆలోచించి, పలక మీద రాసినంత జాగ్రత్తగా, విడివిడి అక్షరాలతో రాశాడు.

అదే జబ్బు.

హైమవతి చదివింది. దిద్దలేదు. కింద ముద్ర వేసి, పెట్టె పక్కనున్న మీట కిందికి దించింది. గింజ పూర్తిగా చల్లారడానికి పదకొండు నిమిషాలు పడుతుందని చెప్పి, ఉండక్కర్లేదు, మీరు వెళ్ళొచ్చు అంది. అతను వెళ్ళలేదు. బల్ల లాక్కుని పెట్టె పక్కన కూర్చున్నాడు. ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది.